టర్బో వెంటిలేటర్ తిరగడం లేదా? బేరింగ్ విప్పే ముందు కాలర్ కొలవండి

మేడ మీద రేకుల గదికి పెట్టిన టర్బో వెంటిలేటర్ (గాలికి తిరుగుతూ గదిలోని వేడి గాలిని పైకి పంపే గుండ్రటి తల) మీద వచ్చే ఫిర్యాదులు ముఖ్యంగా మూడు. వేడి తగ్గలేదు. నీళ్లు కారుతున్నాయి. తిరగడం లేదు, తిరిగినా గీసుకుంటోంది. మొదటి రెండూ తేలిగ్గా తేలిపోతాయి. మూడోదానికి మాత్రం అందరూ ముందు బేరింగ్ మీద పడతారు. బేరింగ్ మారుస్తారు, కొన్నాళ్లకి అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది. కింద రాసింది బిగించేవాళ్లకీ, షాపులో తయారుచేసేవాళ్లకీ కలిపి. షాపులో దొర్లిన తప్పు బయటపడేది రేకు మీదే కాబట్టి ఇద్దరికీ తెలియాలి.

కొలతలన్నీ 24 అంగుళాల మోడల్‌వి, అంటే కాలర్ వ్యాసం 600 మి.మీ. కాలర్ అంటే, పైకప్పు రేకుకి బిగించే బేస్ ప్లేట్ మీద నిలబడే గుండ్రటి రేకు. దాని మీద తల తిరుగుతుంది.

తిరుగుతోంది, కానీ గదిలో వేడి తగ్గలేదు

కింద కిటికీ మూసి ఉంటుంది, చూడండి. లోపలికి గాలి రాకపోతే పైకి పోయేది ఏమీ ఉండదు. 600 మి.మీ. రంధ్రం అంటే సుమారు 0.28 చదరపు మీటర్లు, మూడు చదరపు అడుగులు. కనీసం అంత తెరిచిన జాగా కింద ఉండాలి, దోమల మెష్ ఉంటే ఇంకా ఎక్కువ. అది వెంటిలేటర్‌కి దూరంగా, కిందికి ఉండాలి. సరిగ్గా వెంటిలేటర్ కిందే కిటికీ తెరిస్తే గాలి అటునుంచి అటే పైకి పోతుంది, గదికి రెండో వైపు అలాగే ఉడుకుతూ ఉంటుంది.

ఫాల్స్ సీలింగ్ ఉన్న గదిలో వెంటిలేటర్ పైన రేకుకీ సీలింగ్‌కీ మధ్య గాలినే లాగుతుంది. కింద కూర్చున్నవాళ్లకి గాలి తగలదు. కాలిన రేకు నుంచి నేరుగా నెత్తిన పడే సెగని కూడా ఏ వెంటిలేటరూ ఆపదు, దానికి రేకు కింద ఇన్సులేషన్ వేయాల్సిందే. ఈ మాట అమ్మేటప్పుడే చెబితే సగం ఫోన్లు తగ్గుతాయి.

నీళ్లు కారుతున్నాయి

ఎప్పుడు కారుతున్నాయో ముందు అడగండి. వాన లేకుండా చలికాలం తెల్లవారుజామున చుక్కలు పడుతుంటే అది లీకు కాదు. చల్లబడ్డ రేకుకి లోపలి ఆవిరి తగిలి చెమ్మ పడుతోంది.

వానలోనే కారుతుంటే బేస్ ప్లేట్ ఎగువ అంచు చూడండి. ఆ అంచు రిడ్జ్ క్యాప్ (కప్పు కొప్పు మీద వేసే రేకు) కిందికో, పై రేకు కిందికో దూరాలి. దిగువ అంచు రేకు మీద పడాలి. చాలాచోట్ల నాలుగు వైపులా రేకు మీదే కూర్చోబెట్టి చుట్టూ సిలికాన్ పూసి దిగిపోతారు. పైనుంచి వచ్చే నీరు ఆ అంచు దగ్గర కట్ట కట్టినట్టు నిలుస్తుంది, ఎండకి సిలికాన్ ఊడిన రోజున లోపలికి దిగుతుంది. మళ్లీ సిలికాన్ పూయడం వృథా. రిడ్జ్ నుంచి బేస్ దాకా ఒక కవర్ షీట్ వేయండి. సిలికాన్ వాడే చోట కూడా వెనిగర్ వాసన వచ్చేది వద్దు, గాల్వనైజ్డ్ (జింకు) పూతని తినేస్తుంది. న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి.

తర్వాత ప్రొఫైల్, అంటే రేకు అలల ఆకారం. బేస్ దానికి సరిపోవాలి. సిమెంటు రేకు అలకీ అలకీ మధ్య 146 మి.మీ., లోతు 48. ముడతల జీఐ (గాల్వనైజ్డ్) రేకుకి ఆ దూరం సుమారు 75. కలర్ షీట్లయితే కంపెనీకో కొలత. ఆర్డర్ తీసుకునేటప్పుడే మూడు రిబ్బుల మీద టేపు పరిచి తీసిన ఫోటో అడగండి. స్క్రూలు రిబ్బు మీదే పడాలి, పల్లంలో వద్దు. ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ ప్లాస్టిక్) బేస్‌కి రంధ్రం స్క్రూ కంటే 2 మి.మీ. పెద్దగా ఉండాలి. రబ్బరు వాషర్ కొంచెం ఉబ్బగానే ఆపాలి, ఇంకా బిగిస్తే రంధ్రం చుట్టూ నక్షత్రంలా పగులుతుంది.

సిమెంటు రేకు మీద పర్లిన్ (రేకుని కింద మోసే అడ్డ దూలం) ఉన్న చోటే, పలక వేసుకుని అడుగు పెట్టండి. గ్రైండర్‌తో పొడిగా కోయొద్దు, ఆ దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు.

గీసుకుంటోంది, ఆగి ఆగి తిరుగుతోంది, లేదా అసలు కదలడం లేదు

బేరింగ్ మీద చెయ్యి వేసే ముందు గీతలు ఎక్కడ పడ్డాయో చూడండి. తల దించి కాలర్ పై అంచునీ, దాని చుట్టూ తిరిగే తల కింది రింగునీ వెలుతురులో పరిశీలిస్తే అల్యూమినియం మెరుస్తూ గీసుకున్న చోటు కనిపిస్తుంది.

రింగు చుట్టూ గీత ఉండి, కాలర్ మీద ఒకటి రెండు చోట్లే ఉంటే తప్పు కాలర్‌ది. కాలర్ చుట్టూ గీత ఉండి, రింగు మీద ఒక్కచోటే ఉంటే తల వంగింది. కాలర్ మీద ఒక్క వైపే ఉంటే షాఫ్ట్ (తల తిరిగే నిలువు కడ్డీ) మధ్యలో లేదు, లేదా నిటారుగా లేదు. కాలర్ మీద ఎదురెదురుగా రెండు చోట్ల ఉంటే కాలర్ గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది.

ఆ చివరిదే ఎక్కువ మందిని ముంచేది. కంటికి గుండ్రంగానే కనిపిస్తుంది, టేపు పెడితే కానీ తెలియదు. వాలు దిశలో ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి, తర్వాత రెండు కర్ణాల మీదా కాలర్ పై అంచు వ్యాసం కొలవండి. ఎక్కువ కొలతలోంచి తక్కువ కొలత తీసేసి నాలుగుతో భాగించండి. కాలర్‌కీ రింగుకీ మధ్య ఉండాల్సిన గ్యాప్‌లో పొడుగు వైపు ఒక్కో చివర పోయింది అంతే. 608, 592 వచ్చాయనుకోండి. తేడా 16, పోయిన గ్యాప్ 4 మి.మీ. మీ డిజైన్‌లో గ్యాపే 5 అయితే ఇంకా మిగిలింది 1. షాఫ్ట్ కాస్త ఒరిగినా, వేసవిలో గాలి గట్టిగా తోసినా తగులుతుంది. ఇలా గీసుకుంటూ కొట్టుకునే తల బేరింగ్‌ని కూడా పాడు చేస్తుంది, అందుకే బేరింగ్ విప్పినవాడికి అక్కడే తప్పు కనిపిస్తుంది. కొత్తది వేసినా దానికీ అదే గతి.

చుట్టుకొలత కూడా ఒకసారి చూడండి. 600కి 1885 మి.మీ. రావాలి. అది సరిగ్గా ఉండి వ్యాసాల్లో తేడా వస్తే సైజు తప్పు కాదు, ఆకారం తప్పు. చుట్టుకొలతలో 3 మి.మీ. తప్పితే వ్యాసంలో 1 మి.మీ. తప్పుతుంది, రేకు పట్టీ కోసేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. 25 మి.మీ. అతుకుతో కలిపి పట్టీ పొడవు 1910.

ఇప్పుడు ఎందుకు సాగిందో. ఎటువైపు సాగిందో చూస్తే కారణం దొరుకుతుంది.

మొదట బేస్ స్క్రూలన్నీ రెండు చుట్లు వదులు చేసి తలని చేత్తో తిప్పండి. గీసుకోవడం ఆగిపోతే తప్పు బిగింపులో ఉంది. పర్లిన్ల మధ్య రేకు కుంగి ఉంటుంది, బేస్‌ని దానికి లాగి బిగించేసరికి బేస్ మెలిపడి కాలర్‌ని కూడా లాగుతుంది. రంధ్రం కోసిన చోట రేకుకి బలం ఎలాగూ పోతుంది కాబట్టి, పర్లిన్ నుంచి పర్లిన్‌కి 25×25×3 యాంగిల్ ముక్కలు రెండు వేసి బేస్‌ని వాటి మీద నిలపండి. స్క్రూలు ఎదురెదురుగా, ముందు అన్నీ వదులుగా, తర్వాత బిగువుగా.

వదులు చేసినా పోలేదంటే, షాఫ్ట్‌ని పట్టుకునే అడ్డపట్టీ చూడండి. చాలా షాపులు ఖర్చు తగ్గుతుందని ఒకే పట్టీ అడ్డంగా వేస్తాయి. ఆ పట్టీ 592 మి.మీ. ఉంటే, దాని దిశలో కాలర్ 592కి ముడుచుకుని అడ్డదిశలో 608కి సాగుతుంది. పైన చెప్పిన ఉదాహరణ అదే. డ్రిల్ చేతితో వేసిన రంధ్రాల్లో ఇంత తేడా రావడం మామూలు. పట్టీ దిశలో పొట్టి, దానికి అడ్డంగా పొడుగు ఉంటే ఇక వేరే వెతకక్కర్లేదు. పైన ఉన్నప్పుడే చేయాలంటే పట్టీ చివరి రంధ్రాన్ని గుండ్రటి ఆకురాయితో పొడిగించి, కాలర్‌ని సరిచేసి, 90 డిగ్రీలలో రెండో పట్టీ వేయండి, 25×3 ఫ్లాట్ చాలు. నాలుగు కొలతల్లో తేడా 4 మి.మీ. లోపుకి రావాలి. షాపులో అయితే మొదటి నుంచే నాలుగు కాళ్ల బ్రాకెట్ చేయండి, కనీసం మూడు కాళ్లు. సమానమైన మూడు కాళ్లు ఉన్నా చాలు, కాలర్ కోడిగుడ్డు ఆకారానికి సాగదు. రంధ్రాలు జిగ్‌లో (ప్రతి పీసునీ ఒకేలా పట్టి ఉంచే చట్రంలో) పెట్టే వేయాలి.

కాలర్ వాలు దిశలో పొట్టిగా, అడ్డంగా పొడుగ్గా ఉంటే బేస్ ప్లేట్ విప్పి దాని రంధ్రం కొలవండి. నిటారుగా నిలబడే గుండ్రటి కాలర్ వాలు మీద కలిసే చోటు గుండ్రంగా ఉండదు. 10 డిగ్రీల వాలుకి 600 కాలర్‌కి వాలు వెంట 609 కావాలి, 15 డిగ్రీలకి 621. అడ్డంగా మాత్రం 600. అన్ని బేస్ ప్లేట్లకీ ఒకే కంపాస్‌తో 600 గుండ్రం గీసి కోస్తే, కాలర్‌ని అందులోకి నొక్కి దించాల్సి వస్తుంది. రివెట్ వేసేవాడు సుత్తితో సర్దేసి పైకి పంపిస్తాడు. ఎత్తు తక్కువ కాలర్ అయితే కింద నొక్కిన నొక్కు పై అంచు దాకా వస్తుంది. రేకు మీద దీన్ని బాగుచేయాలంటే రంధ్రాన్ని వాలు వెంట టిన్ స్నిప్‌తో పెంచడమే దారి. షాపులో 5, 10, 15 డిగ్రీలకి మూడు టెంప్లేట్లు చేసి గోడకి వేలాడదీస్తే ఖర్చు దాదాపు సున్నా. తిప్పితే వాలు సర్దుకునే రెండు ముక్కల కాలర్ చూడ్డానికి బాగుంటుంది, స్టాకు కూడా తగ్గుతుంది. కానీ ముక్కలు కలిసే అంచుని గుండ్రంగా ప్రెస్ చేసే డై (అచ్చు) లేకుండా దాని జోలికి పోవద్దు.

ఏ దిశకీ సంబంధం లేకుండా, ఒక్కో పీసుకి ఒక్కోలా సాగి ఉంటే అది రవాణాలో జరిగింది. వెంటిలేటర్ తల బోలు. ట్రాన్స్‌పోర్టువాళ్లు డబ్బులు తీసుకునేది బరువు చూసి కాదు, పెట్టె సైజు చూసి. అందుకని బ్రాకెట్ విప్పేసి కాలర్‌ని తలలో దూర్చి, పెట్టె చుట్టూ ప్లాస్టిక్ పట్టీ లాగి బిగిస్తారు. బ్రాకెట్ లేని కాలర్ అంటే 0.6 మి.మీ. రేకు చుట్ట, అంతే. పైన ఇంకో పెట్టె పడితే వంగుతుంది. కాలర్‌ని తలలో దూర్చడం మంచి ఆలోచనే, మానక్కర్లేదు. అయితే కాలర్ రెండు అంచులూ లోపలికి మడిచి, మధ్యలో ఒక బీడింగ్ (చుట్టూ ఉబ్బెత్తు గీత) వేయండి. 598 మి.మీ. పొడవున రెండు మందపాటి అట్టముక్కలు గాడి పెట్టి గుణకారం గుర్తులా కలిపి కాలర్ లోపల నిలపండి. పెట్టె ఎప్పుడూ నిలువుగానే ఉండాలని నాలుగు వైపులా తెలుగులో, హిందీలో రాయండి. పక్కకి పడుకోబెట్టిన పెట్టెలో ఏ అట్టా కాపాడదు.

అదే పెట్టె మూత లోపలి వైపు రేకులో కోయాల్సిన రంధ్రం గీత, రిడ్జ్ వైపు బాణం ముద్రిస్తే బిగించేవాడికి టెంప్లేట్ చేతికొస్తుంది. బేస్ ప్లేట్ మీద కూడా ఆ బాణం ఉండాలి, తలకిందులుగా బిగించినవి తక్కువేం లేవు. స్క్రూలన్నీ ఒకే రకం, 5.5 మి.మీ. సెల్ఫ్ డ్రిల్లింగ్, 8 మి.మీ. సాకెట్‌కి సరిపోయేవి ఇవ్వండి. నిచ్చెన మీద బిట్టు మార్చుకునే పని ఉండదు. రెండు ఎక్కువే వేయండి, ఎలాగూ ఒకటి కింద పడుతుంది. ఎఫ్‌ఆర్‌పీ బేస్ ప్లేట్ల గోడలకి కాస్త వాలు ఉంచితే ఒకదానిలో ఒకటి దిగి జాగా కలిసొస్తుంది. మధ్యలో కాగితం పెట్టకపోతే అంటుకుపోయి, విడదీసేటప్పుడు మూలలు విరుగుతాయి.

ఇక గ్యాప్. వాన లోపలికి వస్తుందని భయపడి దాన్ని 5కి తగ్గిస్తారు. వానని ఆపేది గ్యాప్ కాదు, రింగు కాలర్ మీదుగా ఎంత కిందికి దిగిందన్నది. 30 మి.మీ. కిందికి దిగనిచ్చి, గ్యాప్ 10 నుంచి 12 ఉంచండి. పైన చెప్పిన చిన్న తప్పులన్నిటినీ అది మింగేస్తుంది.

నిజంగానే బేరింగ్ అయితే

తల విప్పి, కాలర్‌కి దూరంగా షాఫ్ట్ పట్టుకుని తిప్పండి. అప్పుడు కూడా గరగరలాడితేనే బేరింగ్. 6202 సైజు బేరింగ్ వాడే మోడల్‌లో కింది బేరింగ్ రబ్బరు సీలుది, అంటే 2ఆర్‌ఎస్ వేయండి, దుమ్ము, తేమ ఎక్కువ తగిలేది దానికే. పైన మూత కింద ఉండేది జెడ్‌జెడ్, అంటే రేకు కవరుది చాలు. రెండూ రబ్బరువే వేస్తే రాపిడి పెరిగి, చిన్న గాలికి తల కదలదు. షాఫ్ట్ మీదకి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే పైపు ముక్క పెట్టి కొట్టండి. బయటి రింగు మీద కొడితే కొత్త బేరింగ్ అప్పుడే పోయినట్టు.

పిచ్చుక గూడు, తీగలు చుట్టుకోవడం, గాలివానకి రెక్క విరగడం లాంటివి అరుదు. చూడగానే తెలుస్తాయి, తీసేయడమో రెక్క మార్చడమో చేస్తే సరి. షాఫ్ట్ నిటారు మాత్రం బిగించిన ప్రతిసారీ చూడాలి. తల పెట్టే ముందు బ్రాకెట్ మీద స్పిరిట్ లెవల్ వాలు వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టండి.