పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం ఎలా?

గళ్ల నోట్‌బుక్, పెన్సిల్, 100 లోపు ప్రధాన సంఖ్యలు నోటికి వచ్చి ఉండటం. ఇవి చాలు. గీతల నోట్‌బుక్ వద్దు, అంకెలు పక్కకు జరిగిపోతాయి.

28,98,360 తీసుకుందాం. చివర సున్నా ఉంది, 10తో కొట్టేస్తే 2,89,836. చివరి రెండంకెలు 36 కాబట్టి 4 కూడా పోతుంది: 72,459. అంకెల మొత్తం 27, కాబట్టి 9 పోతుంది: 8,051. మొత్తం 27 వచ్చింది కదా అని 27తో భాగించేవాళ్లున్నారు. ఆ సూత్రం 3కి, 9కి మాత్రమే. 27తో భాగించి చూడండి, 18 మిగులుతుంది.

అసలు చిక్కు 8,051 దగ్గర. 2, 3, 5 పోవు. 7, 11, 13లకు తలో సూత్రం బట్టీ పట్టడం దండగ. కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీయండి: 8, 051. 51లోంచి 8 తీస్తే 43. 7 × 11 × 13 = 1,001 కాబట్టి, ఆ మూడింటిలో 43 దేనితో పోదో 8,051 కూడా దానితో పోదు. ఇంకా పెద్ద సంఖ్యలైతే కుడి నుంచి ఒక గుంపు కలుపుతూ, ఒకటి తీసేస్తూ వెళ్లాలి. మన లక్షల కామాలను చూసి మాత్రం విడదీయకండి, అవి రెండేసి అంకెలకు పడతాయి.

ఇక్కడిదాకా వచ్చి, 17, 19తో భాగించి, విసుగొచ్చి ‘ప్రధాన సంఖ్య’ అని రాసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి! వర్గమూలం దాకా వెళ్లాల్సిందే. 90 వర్గం 8,100 కాబట్టి 89 దాకా చూడాలి. ఆ పైన అక్కర్లేదు, రెండు కారణాంకాలూ 90కి తగ్గకపోతే లబ్ధం 8,100కి తగ్గదు. 17 నుంచి 89 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు 18.

భాగహారాలకు ముందు ఫెర్మా అనే గణితవేత్త పద్ధతి తప్పనిసరి: సంఖ్యకు పైనున్న వర్గంలోంచి ఆ సంఖ్యను తీసేసి, మిగిలింది కూడా వర్గమేనా అని చూడటం. 8,100లోంచి 8,051 తీస్తే 49, అంటే 7 వర్గం. కాబట్టి 8,051 = 90² − 7² = (90−7) × (90+7) = 83 × 97. ఒక్క తీసివేతతో తేలింది. భాగహారాలతో వెళ్తే 83 పదిహేడోసారికి గానీ దొరకదు.

వర్గం రాకపోతే 91, 92 అంటూ పదిసార్లు చూడండి, అంతకు మించొద్దు. కారణాంకాలు దూరంగా ఉంటే ఈ పద్ధతి చుక్కలు చూపిస్తుంది. 10,00,009ని గణిత దిగ్గజం ఆయిలర్ అంతటివాడే మొదట ప్రధాన సంఖ్యల జాబితాలో వేసి, తర్వాత తనే దిద్దుకున్నాడు. అది 293 × 3,413. ఫెర్మా పద్ధతిలో 1,001 నుంచి 1,853 దాకా నడవాలి, భాగహారమైతే 62 ప్రధాన సంఖ్యలతో అయిపోతుంది.

ఇక మిగిలింది తేలిక. 28,98,360 = 2³ × 3² × 5 × 83 × 97. మొత్తం కారణాంకాలు ఎన్నో తెలియాలంటే ఘాతాంకాలకు ఒక్కొక్కటి కలిపి గుణించండి: 4 × 3 × 2 × 2 × 2 = 96 కారణాంకాలు. బేసి సంఖ్య వస్తే మాత్రం అసలు సంఖ్య పూర్ణ వర్గమై ఉండాలి. కాకపోతే ఎక్కడో లెక్క తప్పింది, వెనక్కి వెళ్లి చూడండి.