స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కి టీమ్‌గా వెళ్లాలంటే ఏం చేయాలి?

స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ (ఎస్‌ఐహెచ్) అనౌన్స్ చేయగానే చాలామంది సైట్ ఓపెన్ చేసి రిజిస్టర్ బటన్ కోసం వెతుకుతారు, కానీ ఇందులో స్టూడెంట్ సొంతంగా అప్లై చేసుకోవడం కుదరదు, కాలేజీయే నామినేట్ చేయాలి. ఇచ్చిన సమస్యకి స్టూడెంట్ టీమ్స్ సాఫ్ట్‌వేర్ లేదా హార్డ్‌వేర్ పరిష్కారం తయారుచేసే ఈ పోటీ 2017లో మొదలైంది, కేంద్ర విద్యాశాఖ ఇన్నోవేషన్ సెల్, ఏఐసీటీఈ (టెక్నికల్ కాలేజీలని చూసే సంస్థ) కలిసి నడుపుతున్నాయి.

అందుకే మొదట మీ కాలేజీలో స్పాక్ ఎవరో కనుక్కోండి, అంటే దీన్ని చూసుకునే ఫ్యాకల్టీ అన్నమాట. ఎవరూ లేకపోతే హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్లి అడగండి, ఆలస్యం మాత్రం చేయొద్దు.

తర్వాత టీమ్. లీడర్‌తో కలిపి కరెక్ట్‌గా 6 మంది ఉండాలి, అందరూ ఒకే కాలేజీ వాళ్లే అవ్వాలి, పక్క కాలేజీ ఫ్రెండ్ ఎంత బాగా కోడ్ రాసినా కుదరదు. బ్రాంచ్‌లు వేరైతే ఇంకా మంచిది. ఆరుగురిలో కనీసం ఒక అమ్మాయి ఉండాలి, ఇది కంపల్సరీ. ఈ రూల్ దగ్గరే నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే చివరి రోజు ఎవరో ఒక క్లాస్‌మేట్ పేరు రాసేసి టీమ్ తీసుకున్న సమస్య ఏంటో కూడా ఆ అమ్మాయికి చెప్పని టీమ్స్ ఉంటాయి. దయచేసి అలా చేయకండి. మొదటి మీటింగ్ నుంచే పిలవండి, తనకి నచ్చిన మాడ్యూల్ తననే తీసుకోమనండి. జడ్జి ఎవర్నైనా ప్రశ్న అడగొచ్చు, ఆరుగురికీ పని తెలిసుండాలి.

ఇక ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్, అంటే టీమ్ పరిష్కరించాల్సిన సమస్య. ఇస్రో, రకరకాల మంత్రిత్వ శాఖలు ఇచ్చినవి లిస్టులో ఉంటాయి, సాఫ్ట్‌వేర్ వేరు, హార్డ్‌వేర్ వేరు. పేరు గొప్పగా ఉందని తీసుకోకండి, డేటా దొరుకుతుందా, ఆ సమస్య ఉన్నవాళ్లతో మాట్లాడగలమా అని చూసుకోండి. పంట తెగుళ్ల యాప్ చేస్తుంటే ముందు ఒక రైతుని కలవండి.

కాలేజీలో జరిగే ఇంటర్నల్ హ్యాకథాన్‌లో సెలెక్ట్ అయితేనే స్పాక్ మీ పేర్లు పంపుతారు. మీ ఐడియా పీపీటీని ఎస్‌ఐహెచ్ వాళ్లిచ్చిన టెంప్లేట్‌లోనే చేసి పీడీఎఫ్‌గా పెట్టాలి. 2024 టెంప్లేట్‌లో టైటిల్‌తో కలిపి 6 స్లైడ్స్ దాటొద్దన్నారు, పేరాలు వద్దు పాయింట్లు, డయాగ్రమ్స్ పెట్టమన్నారు. ఏటా మారొచ్చు కాబట్టి ఆ ఏడాది గైడ్‌లైన్స్ చదవండి, సీనియర్ల పాత ఫైల్ మీద ఆధారపడొద్దు.

ఫైనల్‌కి వెళ్తే సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఏకధాటిగా 36 గంటలు, హార్డ్‌వేర్ వాళ్లకి 5 రోజులు. మధ్యలో మెంటర్లు వచ్చి మార్పులు చెప్తారు, వాదించకుండా రాసుకోండి, తర్వాతి రౌండ్‌లో ఏం మార్చారని అడుగుతారు. వేరేవాళ్ల ఓపెన్ సోర్స్ కోడ్ వాడితే లైసెన్స్ చూసుకుని, వాడామని చెప్పేయండి. ఐడీ కార్డులు, ఛార్జర్లు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ మర్చిపోవద్దు, రాత్రి ఇద్దరిద్దరుగా వంతులేసుకుని పడుకోండి.