జవాబులో చెత్త అక్షరాలు: నా అనుభవం

సీ భాషలో రాసిన ఉష్ణోగ్రత నమోదు ప్రోగ్రాములో లిబ్‌మైక్రోహెచ్‌టీటీపీడీ అనే లైబ్రరీతో చిన్న వెబ్ సర్వర్‌ను పెట్టాను. బ్రౌజర్‌లో అంకెల చోట ఒక్కోసారి చెత్త అక్షరాలు వచ్చేవి. రెండు రోజులు సెన్సర్‌నే అనుమానించాను.

తప్పు మెమరీలో ఉంది. జవాబును ఫంక్షన్‌లోని లోకల్ బఫర్‌లో (ఆ ఫంక్షన్ నడిచేంతవరకే మనదైన మెమరీ చోటులో) కూర్చి, రెస్పాన్స్ తయారుచేసేటప్పుడు ‘పర్సిస్టెంట్’ అని ఇచ్చాను. అంటే ఆ బఫర్ చెక్కుచెదరదని లైబ్రరీకి మాట ఇచ్చినట్టే. కానీ క్యూలో, అంటే పంపాల్సిన వరుసలో, పెట్టిన జవాబు మన ఫంక్షన్ ముగిశాక కదులుతుంది. అప్పటికి ఆ స్టాక్ (ఫంక్షన్ల తాత్కాలిక మెమరీ) చోటును వేరే ఫంక్షన్లు వాడుకుంటుంటాయి. ఎంత సూక్ష్మమైన పొరపాటు!

‘మస్ట్ కాపీ’ (లైబ్రరీ సొంత నకలు తీసుకోవాలి) అని మార్చగానే అంకెలు నిలకడగా వచ్చాయి. పెద్ద జవాబులకైతే మాలోక్‌తో (మెమరీని అడిగి తీసుకునే సీ ఫంక్షన్‌తో) చోటు తీసుకుని ‘మస్ట్ ఫ్రీ’ ఇవ్వడం నాకు నచ్చింది: నకలు తీసే పని తప్పుతుంది, విడుదల బాధ్యత లైబ్రరీదే. క్యూలో పెట్టిన వెంటనే రెస్పాన్స్‌ను డెస్ట్రాయ్ చేయడానికి భయపడకండి. అది రిఫరెన్స్ లెక్కను (ఆ రెస్పాన్స్‌ను ఇంకా ఎన్ని చోట్ల వాడుతున్నారనే లెక్కను) ఒకటి తగ్గిస్తుందంతే.