సరస్సు ఒడ్డు ఇల్లు వేసవిలో ఎంత తుడిచినా మళ్లీ మురికవుతోందా?

సరస్సు పక్కనున్న ఇంట్లో మురికి చాలావరకు తేమ వల్ల, లేదా నీటి దగ్గర్నుంచి మనం మోసుకొచ్చిన దానివల్ల వస్తుంది. కారణం కనిపెట్టకుండా ఎంత రుద్దినా వారంలో మళ్లీ మొదటికే వస్తుంది.

తలుపు తీయగానే ముక్కిన వాసన

ఇల్లు రోజుల తరబడి మూసి ఉంటే పరుపులు, సోఫాలు, అల్మారాల వెనక గోడలు తేమ పీల్చుకుంటాయి. కుర్చీ మీద వదిలేసిన తడి తువ్వాలుకు ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది.

వెళ్లగానే కిటికీలన్నీ బార్లా తెరవడం మనకు అలవాటు. సరస్సు పక్కన అది ప్రతిసారీ పనికిరాదు. ఉక్కగా ఉన్న రోజు బయటి తడిగాలి లోపలి చల్లటి నేలను తాకితే నేలంతా చెమ్మగిల్లుతుంది. అరచేత్తో నేలను రాసి చూడండి. జిగటగా తగిలితే కిటికీలు మూసి డీహ్యూమిడిఫైయర్ (గాలిలోని తేమను లాగేసే యంత్రం) వేయండి. పొడిగాలి వీచే రోజున ఎదురెదురు కిటికీలు తెరవండి. చిన్న తేమ మీటరు ఒకటి కొనుక్కోవడం నా దృష్టిలో ఏ సువాసన స్ప్రే కన్నా మేలు. లోపలి తేమ 50 శాతం దరిదాపుల్లో ఉండాలి, 60 దాటకూడదు. అల్మారాలను గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి.

టైల్స్ మీద బూజు కనిపిస్తే సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. బ్లీచ్ వాడితే అందులో వెనిగర్ గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

వాసన బాత్రూమ్ నుంచే వస్తుంటే

అది బూజు కాకపోవచ్చు. డ్రెయిన్ కింద వంపులో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి మురుగు వాసనను అడ్డుకుంటుంది. వాడకం లేకపోతే ఆ నీరు ఆవిరైపోతుంది. ఒక చెంబు నీళ్లు పోస్తే చాలు. ఊరికి బయలుదేరే ముందు పైన ఒక చెంచా వంటనూనె పోస్తే నీరు త్వరగా ఆరిపోదు.

సింకులో నారింజ రంగు మరకలు

కుళాయి చుక్కలు పడేచోట సన్నటి చారగా మొదలవుతాయి. బోరు నీటిలోని ఇనుమే కారణం. ఇక్కడ బ్లీచ్ పోయకండి, మరక ఇంకా ముదురుతుంది. సింకును శుభ్రంగా కడిగాక నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో గుడ్డ తడిపి మరక మీద పరిచి, కాసేపాగి రుద్దండి. పాలరాయికి మాత్రం పులుపు తగలనివ్వకండి. మరకలు ఆగకుండా వస్తుంటే నీటిని పరీక్ష చేయించి తగిన ఫిల్టర్ పెట్టించుకోవాలి.

ఇల్లంతా ఇసుక

గుమ్మం బయట గరుకు పట్టా, లోపల మెత్తటిది, పక్కనే కాళ్లు కడుక్కోవడానికి ఒక తొట్టి. తడి బట్టలు, లైఫ్ జాకెట్లు ఆరేదాకా బయటే ఉండాలి.

దీపాల కింద పురుగులు, మూలల్లో సాలెగూళ్లు

తెల్లటి దీపాలకు నీటి పురుగులు ముసురుతాయి, వాటికోసం సాలెపురుగులు చేరతాయి. గూళ్లు దులిపినంత మాత్రాన లాభం లేదు. బయట పసుపు రంగు దీపాలు పెట్టి, అవసరం లేనప్పుడు ఆర్పేయండి. చిరిగిన దోమతెరలు బాగు చేయించండి.

చెక్క డెక్ మీద పచ్చటి జారుడు

డెక్ అంటే ఇంటి బయటి చెక్క అరుగు మీద నీడ, తడి ఉన్నచోట నాచు పడుతుంది. గట్టి బ్రష్‌తో మామూలు నీళ్లు పోసి రుద్దండి, ఎండ తగిలేలా కొమ్మలు కత్తిరించండి. కడిగిన నీళ్లు మాత్రం సరస్సులోకి పోకుండా గడ్డి మీదికి మళ్లించాలి. ఫాస్ఫేట్ ఉన్న సబ్బు సరస్సులో చేరితే నీటిలో నాచు విపరీతంగా పెరుగుతుంది. మన డెక్ మెరవడం కోసం నీటిని పాడు చేయడం నాకు అస్సలు సమ్మతం కాదు.

ఫ్రిజ్ రబ్బరు అంచుకు నల్లటి బూజు

స్విచ్ ఆపేసి తలుపు మూసి వెళ్లడం వల్లే ఇది. లోపలంతా ఖాళీ చేసి, పొడిగా తుడిచి, తలుపు మూసుకోకుండా మధ్యలో మడతపెట్టిన పొడి గుడ్డ ఉంచి వెళ్లండి.