కోడ్ ముట్టుకోకుండా బ్లాగు రంగులు మార్చుకోండి

కోనసీమ కొబ్బరితోటల గురించో, ఆత్రేయపురం పూతరేకుల గురించో బ్లాగు రాస్తున్నవారికి ఒక మాట. రంగులు నచ్చకపోతే కోడ్ జోలికి వెళ్లనక్కరలేదు. గూగుల్ వారి బ్లాగు సేవ బ్లాగర్‌లో ‘థీమ్’ తెరిచి, ‘కస్టమైజ్’ పక్కనున్న బాణం నొక్కి ముందు బ్యాకప్ తీసుకోండి. తర్వాత ‘కస్టమైజ్’లోని ‘అడ్వాన్స్‌డ్’లోకి వెళ్తే నేపథ్యం, శీర్షిక, లింకులు, అక్షరాలు వేటికవే మార్చుకోవచ్చు. నమూనా పక్కనే కనిపిస్తుంది. సేవ్ చేసేదాకా పాఠకులకు పాత రంగులే.

వరిచేల పచ్చదనం మనకు ప్రాణమే. అయినా ఆ లేతాకుపచ్చను పేజీ అంతా పరచకండి, దాని మీద తెల్ల అక్షరాలు కంటికి ఆనవు. ముదురు పచ్చను శీర్షికకూ లింకులకూ ఉంచండి. నేపథ్యం తెలుపు, అక్షరాలకు 333333 అనే రంగు సంఖ్య ఇవ్వండి. నలుపుకు దగ్గరి బూడిద రంగు వస్తుంది. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్, అంటే అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలి, ఈ జోడీ 12:1 దాటుతుంది. తెలుగుకు ఇది మరీ అవసరం. గీతలు తేలిపోతే ‘ప’, ‘వ’ ఒకలాగే కనిపిస్తాయి, వత్తులు అసలే కనిపించవు.

సేవ్ చేశాక కాలువగట్టు మీద ఎండలో ఫోను తెరిచి చదివి చూడండి. కళ్లు చికిలించాల్సి వస్తే అక్షరాల రంగు ఇంకాస్త ముదురు చేయండి.