మీరు వాడే ఓపెన్‌సోర్స్ రిమోట్ డెస్క్‌టాప్ ఆగిపోకుండా ఎలా కాపాడుకోవాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కంప్యూటర్ సర్వీసింగ్ చేసే మన తెలుగువాళ్లకు, ఉన్నచోటి నుంచే దూరంలోని కంప్యూటర్‌ను నడిపించే రిమోట్ సాఫ్ట్‌వేర్ లేనిదే రోజు గడవదు. కొండ మీది ఊళ్లో ప్రింటర్ మొరాయిస్తే బస్సెక్కి వెళ్లి వచ్చేసరికి పూటంతా పోతుంది. రస్ట్‌డెస్క్, మెష్‌సెంట్రల్ లాంటి ఓపెన్‌సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) సాఫ్ట్‌వేర్లు ఆ బాధ తప్పించాయి, అదీ ఉచితంగా. కానీ ఇలాంటి ప్రాజెక్టుల్ని చాలాసార్లు మోసేది ఒకరిద్దరే. మెష్‌సెంట్రల్‌ను మొదలుపెట్టింది ఇంటెల్‌లో పనిచేసిన ఒక ఇంజనీరు. ఆయన అక్కడి నుంచి వచ్చేశాక దాని భారం వాలంటీర్ల మీద పడింది. వాళ్ల మీద ఆ బరువు తగ్గించడానికి మనం చేయగలిగిన పనులు ఇవి.

ముందుగా వాళ్ల సర్వర్ మీద భారం తగ్గించండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. మన ఊళ్లలో నెట్ ఎక్కువగా మొబైల్ డేటాయే. అందులో ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమంది పంచుకుంటారు కాబట్టి రెండు కంప్యూటర్లు నేరుగా కలవడం తరచూ కుదరదు. అప్పుడు రస్ట్‌డెస్క్ లాంటి వాటిలో డేటా అంతా ప్రాజెక్టు వాళ్ల రిలే సర్వర్ (మధ్యలో ఉండి డేటాను అందించే సర్వర్) మీదుగా వెళ్తుంది. ఆ ఖర్చు వాళ్లే భరిస్తారు.

రస్ట్‌డెస్క్‌కు సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. నెల అద్దెకు దొరికే చిన్న లినక్స్ సర్వర్ తీసుకుని, డాకర్‌లో (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) హెచ్‌బీబీఎస్, హెచ్‌బీబీఆర్ అనే రెండు ప్రోగ్రాములు నడపాలి. మొదటిది ఒక్కో కంప్యూటర్‌కు ఉండే రస్ట్‌డెస్క్ నంబర్లు (ఐడీలు) చూసి వాటిని కలుపుతుంది, రెండోది రిలే. ఫైర్‌వాల్‌లో టీసీపీ 21115, 21116, 21117 పోర్టులు, యూడీపీ 21116 తెరవండి. యూడీపీ మర్చిపోతే ఐడీ రిజిస్టరే కాదు. సర్వర్ మొదటిసారి నడిచినప్పుడు రెండు కీ ఫైళ్లు తయారవుతాయి. కస్టమర్ కంప్యూటర్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీ సర్వర్ చిరునామా ఇచ్చి, పబ్లిక్ కీని కీ గడిలో పేస్ట్ చేయాలి. రెండు ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. అవి పోతే ప్రతి కస్టమర్ దగ్గరా కీ మళ్లీ మార్చాల్సిందే. పర్లాకిమిడి, పాతపట్నం షాపులవాళ్లు నలుగురు కలిస్తే ఒక్క సర్వర్ అందరికీ సరిపోతుంది, అద్దె కూడా భారం కాదు.

తర్వాతిది బగ్ రిపోర్ట్. ‘‘పనిచేయట్లేదు, అర్జెంట్’’ అని రాస్తే అవతలి మనిషికి టెన్షన్ తప్ప ఒరిగేదేమీ ఉండదు. తెలుగులో టైప్ చేస్తే అవతల గడులు పడుతున్నాయనుకుందాం. రెండు వైపులా వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ రాయండి. లినక్స్ అయితే తెరను చూపించే వ్యవస్థ ఎక్స్11దా, వేలాండ్‌దా అన్నది తప్పక చెప్పండి. ఏ కీబోర్డు, కనెక్షన్ నేరుగా ఉందా, రిలే మీదా, ఏం నొక్కితే ఏం వచ్చిందీ రాయండి. స్క్రీన్‌షాట్‌లో కస్టమర్ ఆధార్ నంబరు కనిపిస్తుంటే చెరిపేయండి. ముందే ఎవరైనా ఇదే రాశారేమో వెతకండి. ప్రాజెక్టును చూసుకునే మెయింటైనర్‌ను మాత్రం తొందరపెట్టకండి. 2024లో బయటపడిన ఎక్స్‌జెడ్ (లినక్స్‌లో ఫైళ్లను కుదించే ఓపెన్‌సోర్స్ సాధనం) వ్యవహారంలో, ఒంటరిగా అలసిపోయిన మెయింటైనర్ మీద ఒత్తిడి తెచ్చే, ఒక అపరిచితుడు లోపలికి చొరబడ్డాడు. అతను పెట్టిన దొంగదారి గురి, సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ మీదే.

డబ్బు విషయం. ప్రాజెక్టులకు విరాళాలు అందించే గిట్‌హబ్ స్పాన్సర్స్, ఓపెన్ కలెక్టివ్ ద్వారా నెలనెలా కొద్దిగా పంపినా ఆసరాయే. 2024లో షేర్ బ్రోకింగ్ కంపెనీ జెరోధా, ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు ఏటా పది లక్షల డాలర్లు ఇచ్చే ఫ్లాస్ ఫండ్ మొదలుపెట్టింది. దానికి ప్రాజెక్టు తరఫున ఫండింగ్ వివరాల ఫైలు ఒకటి పెట్టాలి. మీరు వాడే ప్రాజెక్టు వాళ్లకు ఆ సంగతి తెలుసో లేదో అడగండి.

ఈ సాఫ్ట్‌వేర్ మోసగాళ్ల చేతిలో పడితే ప్రాజెక్టుకే చెడ్డపేరు. మోసాలు పెరిగాయనే రస్ట్‌డెస్క్ ఒకప్పుడు చైనాలో తన సేవ ఆపేసింది. అందుకే పని అవగానే కనెక్షన్ కట్ చేసి, కస్టమర్ చేతే పాస్‌వర్డ్ మార్పించండి. బ్యాంకు పేరుతో ఎవరైనా ఫోన్ చేసి రస్ట్‌డెస్క్ లాంటి వాటి ఐడీ అడిగితే చెప్పొద్దని తెలుగులో, ఒడియాలో రాసి షాపులో అంటించండి. చేయి తిరిగినవాళ్లు మెనూలు కూడా ఆ రెండు భాషల్లోకి అనువదించి పంపండి.

ఇంత చేసినా ఏదో ఒకరోజు ప్రాజెక్టు ఆగిపోవచ్చు. పాత రిమోట్ సాఫ్ట్‌వేర్ వీఎన్‌సీ పుట్టిన కేంబ్రిడ్జ్ ల్యాబ్‌ను 2002లో ఏటీ అండ్ టీ మూసేసింది. కోడ్‌ను ఎవరైనా వాడుకుని మార్చుకోనిచ్చే జీపీఎల్ లైసెన్స్‌లో ఉండబట్టే టైట్‌వీఎన్‌సీ, టైగర్‌వీఎన్‌సీ లాంటివి వచ్చాయి. కాబట్టి సోర్స్‌కోడ్ కాపీ, ఇన్‌స్టాలర్లు దగ్గర పెట్టుకోండి. ప్రాజెక్టును ఆర్కైవ్ చేశారని (పని ఆపేశారని) తెలిస్తే ఎవరి ఫోర్క్‌కు (అదే కోడ్‌తో వేరుగా నడిపే ప్రాజెక్టుకు) సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తున్నాయో చూసి దానికి మారండి. ప్యాచ్ రాని పాత సర్వర్‌ను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకండి.