పాత కారులో పెట్రోల్ లైన్ వేయడం, కార్బురేటర్‌కి ప్రెషర్ సెట్ చేయడం

సిగ్నల్ దగ్గర ఆగితే గుప్పుమని పెట్రోల్ వాసన, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఇంజిన్ ఆకలేసినట్టు ముక్కడం. ఈ రెండూ చెప్పగానే చాలామంది ఇచ్చే సలహా ఒకటే, ఇంకా పెద్ద పంపు పెట్టు అని. నేనూ విని పెట్టాను, వాసన ఇంకా పెరిగింది. తప్పు పంపులో లేదు, ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపులో ఉంది, అది తేలేసరికి రెండు నెలలు పట్టింది.

ముందు కార్బురేటర్‌కి, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి ఇచ్చే భాగానికి, ఏం కావాలో చూద్దాం. లోపల చిన్న గిన్నె, అందులో ఒక ఫ్లోట్. ఫ్లష్ ట్యాంకులో బంతి పైకి లేచి నీళ్లు ఆపేసినట్టే, గిన్నె నిండగానే ఫ్లోట్ లేచి నీడిల్‌ని (సూదిలాంటి వాల్వుని) సీటులోకి నొక్కి దారి మూస్తుంది. ఆ నొక్కే బలమంతా ఫ్లోట్ తేలడం వల్ల వచ్చేదే, అంటే చాలా కొంచెం. వెనక నుంచి పంపు అంతకంటే గట్టిగా తోసిందంటే నీడిల్ ఓడిపోతుంది, గిన్నె పొంగుతుంది, పెట్రోల్ నేరుగా ఇంజిన్‌లోకి కారుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, కొంతకాలానికి ఇంజిన్ ఆయిల్ కూడా పలచనై పెట్రోల్ వాసన కొడుతుంది.

అందుకే అంకెలు ఇంత చిన్నవి. ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లకి 1.5 నుంచి 3 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలిచే యూనిట్), వెబర్ డీసీఓఈలకి 3 కాస్త అటూ ఇటూ, ఎడెల్‌బ్రాక్ నాలుగు బ్యారెళ్లవాటికి 5.5 దగ్గర, హోలీ అయితే 6 లేదా 7. మీ కార్బురేటర్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం, నాది వదిలేయండి. ఇంజెక్షన్ కార్ల పంపు 40 నుంచి 60 పీఎస్‌ఐ ఇస్తుంది, దాన్ని తెచ్చి రెగ్యులేటర్‌తో తగ్గించుకుంటాను అనడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

ప్రెషర్ వేరు, పారే పరిమాణం వేరు. నూరు హార్స్‌పవర్ ఇంజిన్ ఫుల్ థ్రాటిల్ మీద గంటకి సుమారు 30 లీటర్లు తాగుతుంది, అంటే నిమిషానికి అర లీటరు. ఆ అర లీటరు ఆగకుండా వస్తోందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఎత్తు మీద ముక్కే కారుకి సాధారణంగా లోటు ఇక్కడే ఉంటుంది, దాన్ని ప్రెషర్ పెంచి పూడ్చలేం.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి, పెట్రోల్ మంటలకి పనికొచ్చే ఎక్స్‌టింగ్విషర్ చేతికందే దూరంలో ఉండాలి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద, గుంటల్లో పేరుకుంటుంది, కాబట్టి కారు కింద పిట్‌లో దిగి ఈ పని చేయకండి. మామూలు బల్బు లైటు వద్దు, ఎల్‌ఈడీ వాడండి.

పైపు సంగతి. చిన్న నాలుగు సిలిండర్లకి 8 మిల్లీమీటర్ల పైపు (5/16 అంగుళం) సరిపోతుంది, పెద్ద వీ8కి 3/8 అంగుళం వేస్తారు. స్టీలు లేదా కాపర్-నికెల్ వాడండి. కాపర్-నికెల్ చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు, నాకు ఇదే ఇష్టం. రాగి పైపు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ఇంజిన్ వణుకుడికి గట్టిపడి ఒకరోజు సన్నగా చిట్లుతుంది, వద్దు. వంపులు బెండర్‌తోనే తిప్పండి, మోకాలి మీద పెట్టి వంచితే లోపల నొక్కుకుపోతుంది, బయటికి కనిపించదు. పైపు సైలెన్సర్ పైపుకి వీలైనంత దూరంగా, ఛాసిస్ లోపలి వైపు నుంచి పోవాలి, అడుగున్నర దూరానికొక రబ్బరు క్లిప్ ఉండాలి. ఇనుము ఇనుముకి తగిలే చోటు ఒక్కటి వదిలినా అక్కడ అరిగి తీరుతుంది.

ఫిట్టింగుల దగ్గర ఎక్కువమంది చేసే తప్పు కోణాలు కలపడం. పైపు చివరని గరాటులా విప్పి బిగించే ఫ్లేర్ ఫిట్టింగుల్లో రెండు రకాలు: పాత కార్ల ఇన్వర్టెడ్ ఫ్లేర్ 45 డిగ్రీలు, ఏఎన్ ఫిట్టింగులు 37 డిగ్రీలు. మర ఎక్కిందని ఒకదాన్ని ఇంకోదాంట్లో బిగిస్తే ఆ రోజుకి పట్టినట్టే ఉంటుంది, వారానికి చెమ్మ మొదలవుతుంది. రబ్బరు హోస్ ఎక్కే చోట పైపు చివర చిన్న ఉబ్బు తీయాలి, నున్నటి పైపు మీద క్లిప్ ఎంత బిగించినా హోస్ జారుతుంది.

మరలకి చుట్టే తెల్ల టేపు (టెఫ్లాన్ టేపు) గురించి విడిగా చెప్పాలి. ఫ్లేర్ ఫిట్టింగులకి మర మీద టేపు అసలు అక్కర్లేదు, సీలు అయ్యేది లోహానికి లోహం ఆనే ముఖం దగ్గర. నేను ఒకసారి రెగ్యులేటర్ మరకి ఈ టేపు చుట్టాను. నాలుగు రోజులకి కార్బురేటర్ పొంగింది. మూత తీసి చూస్తే నీడిల్‌కీ సీటుకీ మధ్య గోరు చివరంత తెల్లటి పోగు, తడిసి దారంలా అతుక్కుని. ప్రెషర్ సరిగ్గానే ఉంది, నీడిల్ మంచిదే, ఆ పోగు వల్ల మూసుకోలేదంతే. ఏటవాలు మరలకి పెట్రోల్ తట్టుకునే ద్రవ సీలెంట్ రాయండి, అదీ మొదటి రెండు మరలు వదిలేసి.

రబ్బరు హోస్ వీలైనంత తక్కువ, అంటే ట్యాంకు దగ్గర ఒక ముక్క, ఇంజిన్ కదిలే చోట ఒక ముక్క. పాత రబ్బరుని ఇథనాల్ కలిసిన పెట్రోల్ లోపలి నుంచి తినేస్తుంది, మెత్తబడి పొరలు ఊడి ఫిల్టర్‌లో నల్లటి మడ్డిలా చేరుతుంది. హోస్ మీద ఆర్9 లేదా ఆర్14 అని, అంటే అలాంటి పెట్రోల్‌ని తట్టుకునే రకం అని, అచ్చు ఉందో లేదో చూసి కొనండి. క్లిప్ అంచులు మడిచి ఉన్నవి కావాలి, పళ్లున్న మామూలు క్లిప్ హోస్‌ని కోస్తుంది.

ఇక పంపు. ఇంజిన్‌తో పాటు తిరిగే క్యామ్ తోసే పాత మెకానికల్ పంపు బాగుంటే దాన్ని పీకకండి, దాని ప్రెషర్ లోపలి స్ప్రింగే నిర్ణయిస్తుంది, కార్బురేటర్‌కి సరిపడేలా ఫ్యాక్టరీలోనే పెట్టి ఉంటారు, రెగ్యులేటర్ అవసరమే చాలాసార్లు రాదు. అనుమానం ఉంటే కార్బురేటర్ దగ్గర హోస్ తీసి సీసాలో పెట్టండి, ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసేసి ఇంజిన్‌ని స్టార్టర్‌తో తిప్పండి, 30 సెకన్లలో అర లీటరుకి దగ్గరగా వస్తే పంపు మంచిదే.

ఎలక్ట్రిక్ పంపు తోయడంలో గట్టిది, పీల్చడంలో సోమరి. అందుకే దాన్ని బానెట్ కింద కాకుండా ట్యాంకు పక్కన, ట్యాంకు అడుగు మట్టానికి లేదా ఇంకా కిందకి బిగించాలి. పంపుకి ముందు జల్లెడ లాంటి ముతక ఫిల్టర్, తర్వాత సన్నది, ఈ వరస తిప్పి పెడితే పీల్చే వైపు ఊపిరాడక పంపు గీపెడుతుంది. రిలే, ఫ్యూజ్ పెట్టాక ఇంకొకటి తప్పనిసరి: ఇంజిన్ ఆగితే పంపు ఆగాలి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ గానీ ఢీకొంటే తెగే ఇనర్షియా స్విచ్ గానీ లేకపోతే, ప్రమాదంలో పైపు తెగినా పంపు పెట్రోల్ పోస్తూనే ఉంటుంది.

నా కారులో రెండు నెలలు తినేసింది ఈ పీల్చే వైపే. అక్కడ చీలిక ఉంటే చాలాసార్లు పెట్రోల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, నేల మీద చుక్క కూడా పడదు. పారదర్శకమైన ఫిల్టర్ తాత్కాలికంగా పెట్టి చూశాను, బుడగలు వరస కట్టి వెళ్తున్నాయి. ట్యాంకు దగ్గర ఎప్పటిదో హోస్ ముక్క, క్లిప్ కింద వెంట్రుకంత చీలిక. ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా ఇంజిన్ ఇలాగే ముక్కుతుంది, అప్పుడు మూత తీయగానే ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటుంది.

రెగ్యులేటర్ రెండు రకాలు. ఒకటి దారి నొక్కి ఆపేది, బిగించడం సులువు, కార్బురేటర్‌కి దగ్గరగా పెట్టాలి. రెండోది ఎక్కువైన పెట్రోల్‌ని వేరే పైపులో ట్యాంకుకి తిప్పి పంపేది. పని ఎక్కువైనా ఎండలో తిరిగే కారుకి నేను రెండోదే వేస్తాను, ఎందుకంటే పెట్రోల్ బానెట్ కింద నిలబడి వేడెక్కదు, ఆవిరై లైన్ మూసుకుపోయే బాధ బాగా తగ్గుతుంది. రిటర్న్ పైపు సన్నగా ఉంటే మాత్రం స్క్రూ ఎంత తిప్పినా ప్రెషర్ దిగదు, అది గుర్తుంచుకోండి.

గేజ్ రెగ్యులేటర్ తర్వాత, కార్బురేటర్‌కి ముందు ఉండాలి. ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతుండగా లాక్‌నట్ వదులు చేసి స్క్రూ పావు చుట్టు తిప్పడం, ముల్లు నిలబడేదాకా ఆగడం, మళ్లీ పావు చుట్టు. తక్కువ నుంచి పైకి రండి. ఇక్కడ ఒక మోసం ఉంది: ద్రవం నింపిన గేజ్ వేడెక్కితే లోపలి ద్రవం వ్యాకోచించి అంకె తక్కువ చూపిస్తుంది. పొద్దున 3 చూపించింది మధ్యాహ్నం 1.5 చూపిస్తుంది, ఇంజిన్ మాత్రం మామూలుగానే తిరుగుతుంటుంది. అది నమ్మి స్క్రూ బిగించారో కార్బురేటర్ పొంగుతుంది. చల్లగా ఉన్నప్పటి అంకెనే నమ్మండి, లేదా ద్రవం లేని గేజ్ కొనండి. ప్రెషర్ మార్చాక ఫ్లోట్ మట్టం కూడా మళ్లీ చూసుకోవాలి.

చివరగా పంపు మాత్రం ఆన్ చేసి, ఇంజిన్ వేయకుండా ప్రతి జాయింట్ చుట్టూ తెల్ల టిష్యూ కాగితం తిప్పండి, కంటికి కనపడని చెమ్మ కాగితం మీద మచ్చ అవుతుంది. కార్బురేటర్‌లోకి పోయే ఇత్తడి గొట్టాన్ని వేళ్లతో మెల్లగా లాగి చూడండి, కొన్నిటిలో అది మర లేకుండా కేవలం దూర్చి పెట్టిందే, వదులై వేడి ఇంజిన్ మీద ఊడిందంటే కారు మిగలదు. అరగంట నడిపి, చల్లారాక క్లిప్పులన్నీ ఇంకోసారి బిగించి, మర్నాడు పొద్దున ఇంజిన్ వేయకముందే బానెట్ ఎత్తి వాసన చూడండి.